గాజులు తొడుక్కున్నవాళ్ల అర్జీ

తాగునీటి బోరు విషయమై మండల అధికారులకు, మా ఊరి మగవాళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తహసీల్దారు గారికి, గ్రామీణ నీటి సరఫరా, భూగర్భ జల, విద్యుత్ శాఖల అధికారులకు, మా ఊరి రైతులకు,

నమస్కారం.

మాది అనంతపురం వైపు మెట్ట పల్లె. ఊరి పేరు, మండలం పేరు కావాలనే రాయడం లేదు. ఏ ఒక్క ఆఫీసునో బజారుకీడ్చాలని నాకు లేదు. మా అర్జీలు చేతిలో పట్టుకున్నవాళ్లకు ఈ లేఖ ఎవరి గురించో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

మా ఊళ్లో 190 ఇళ్లున్నాయి. అందరికీ తాగునీళ్లు చెరువు కట్ట కింద ఉన్న పంచాయతీ బోరు నుంచే. లోతు 300 అడుగులు. రెండేళ్లలో దాని చుట్టూ మూడు కొత్త బోర్లు పడ్డాయి. బడి నుంచి టేపు తెచ్చి ఆడవాళ్లే కొలిచారు. ఒకటి 62 మీటర్లు, ఒకటి 140, ఇంకొకటి 210. వాల్టా అని మనం పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఏం చెబుతుందో మీకు నేను చెప్పాలా? ప్రజల తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. ఈ మూడింటిలో ఒక్కదానికైనా అనుమతి కాగితం ఉంటే చూపించమని అడిగాం. ఎవరూ చూపించలేదు.

ఈ ఏడు ఫిబ్రవరిలో పంచాయతీ బోరుకి గాలి పట్టింది. మార్చి రెండో వారానికి మోటారు పది నిమిషాలు నీళ్లు పోసి ఆగడం మొదలైంది. అప్పుడు మొదటి అర్జీ ఇచ్చాం. పది రోజులకు రెండోది. ఏప్రిల్‌లో మూడోది 41 మంది ఆడవాళ్ల సంతకాలు, వేలిముద్రలతో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. మొదటిదానికి రసీదు వచ్చింది. రెండోది పరిశీలనలో ఉందన్నారు. మూడోదానికి ఒక ఉద్యోగి ఫోన్ చేసి, "సమస్య పరిష్కారమైందని క్లోజ్ చేస్తున్నాం, సరేనా?" అని అడిగాడు. ఆ సమయానికి మా కోడలు ట్యాంకర్ దగ్గర వరసలో నిలబడి ఉంది.

అందుకే ఈ బహిరంగ లేఖ.

ముందు నా సంగతి చెప్పుకుంటాను. లేకపోతే మిగతాది రాసే హక్కు నాకు రాదు. నేను నాలుగు బోర్లు వేసినవాణ్ణి. 1996లో మొదటిది, 180 అడుగులు, రెండించుల నీళ్లు. ఆ రోజు రిగ్గు దగ్గర తెల్లటి బురద పైకి ఎగజిమ్మితే నా ఒళ్లంతా పడింది. తుడుచుకోకుండానే ఊళ్లోకి వచ్చాను, అందరూ చూడాలని. 2003లో అది ఎండింది. రెండోది 420 అడుగులు. అదీ ఆరేళ్లే. 2009లో మూడోది 650. దానిలో ఇప్పటికీ ఒక ఇంచు వస్తుంది, గంట సేపు. నాలుగోదాని అవసరం నాకు లేదు, నిజం చెప్తున్నా. పక్క చేను మామకి నీళ్లు పడ్డాయి. రచ్చకట్ట మీద ఎవరో "ఏమప్పా, నీకు ఒక ఇంచేనా?" అని నవ్వారు. ఆ నవ్వు కోసం 2014లో 870 అడుగులు దింపించాను. తెల్లారే దాకా దుమ్ము లేస్తూనే ఉంది. రెండెకరాలు, నా భార్య మెడలోది, చేతులవి ఆ దుమ్ములో పోయాయి. వద్దని ఆమె చెప్పింది. ఆడదాని మాట విని రిగ్గు వెనక్కి పంపాడంటారని నేను వినలేదు.

అందుకే అధికారులకు ఒక మాట. మీ రిజిస్టర్లలో బోరుకి లోతు, వ్యాసం, మోటారు సామర్థ్యం రాయడానికి గళ్లున్నాయి. ఆ బోరు ఎందుకు వేశారన్నదానికి గడి లేదు. మా దగ్గర సగం బోర్లు పైరు కోసం పడ్డాయి, సగం పరువు కోసం పడ్డాయి. పెళ్లిచూపుల్లో "అబ్బాయికి ఎన్నెకరాలు?" తర్వాత అడిగే ప్రశ్న "బోరులో ఎన్ని ఇంచులు?" కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూసేవాడికి, అడుగుకింత అని లెక్కకట్టే రిగ్గు ఏజెంటుకి ఈ సంగతి మీకంటే బాగా తెలుసు. వాళ్లు మాకు నీళ్లు అమ్మరు. "నీలాంటి మొగోడు ఐదు వందల అడుగుల దగ్గర ఆపేస్తే ఎట్లా అన్నా, ఇంకో వంద దింపుదాం" అంటారు. అర్ధరాత్రి, అప్పు తెచ్చిన డబ్బు జేబులో, ఊరి జనం చుట్టూ చూస్తుండగా, చాలు ఆపు అనడానికి ఎంత ధైర్యం కావాలో అక్కడ నిలబడినవాడికే తెలుస్తుంది.

ఈ పోటీ వల్ల ఎవరికి ఏం జరుగుతోందో అంకెలతో రాస్తున్నాను.

1. పంచాయతీ బోరు ఆగితే ఎండేది ఆడవాళ్ల రోజు. ట్యాంకర్ వారానికి రెండుసార్లు వస్తుంది, ఎప్పుడొస్తుందో తెలియదు. కూలికి పోతే నీళ్లు రావు, నీళ్లకి ఉంటే కూలి రాదు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు మార్చిలో పదకొండు రోజులు బడి మానేశారు. అదే తరగతి మగపిల్లలు ఒక్కరోజూ మానలేదు. బిందె మోస్తే వాళ్లను ఏడిపిస్తారట. నేను ఏప్రిల్‌లో సైకిల్‌కి రెండు బిందెలు కట్టుకుని పోతే, నా ఈడు వాడే ఒకడు "గాజులు కూడా తొడుక్కో" అన్నాడు. ఊరికి పనికొచ్చే పని చేసినందుకు గాజులు తొడుక్కోమన్నారు. ఊరి నీళ్లు తోడుకున్నవాడికి మాత్రం మీసం మెలేయమని చెప్పనక్కర్లేదు, ఎప్పుడూ మెలేసే ఉంటుంది.

2. భూమి లేనివాళ్లకు కింది నీళ్ల మీద హక్కే లేదు. తన నేల కింద ఉన్న నీటిని తోడుకునే హక్కు ఆ నేల యజమానిది అని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెప్పింది. అప్పుడు కపిలతో, ఏతంతో తోడేవాళ్లు. తోడగలిగినంత మనిషి, ఎద్దుల శక్తి మేరకే. ఇప్పుడు సబ్‌మెర్సిబుల్ మోటారు 800 అడుగుల కింద నుంచి లాగుతుంది. రాతి పగుళ్లలో నీళ్లకు సర్వే నంబర్లు తెలియవు. నా హద్దురాయి పైన ఉంది, కింద లేదు. నీటి లాంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ధర్మకర్త గారు అర్జీ క్లోజ్ చేస్తే ఎట్లా?

3. ఈ అంకె ఒక్కసారి చూడండి. వరికి ఒక పంటకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. గుణిస్తే 48 లక్షల లీటర్ల పైమాట. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, ఏడాదికి 20 వేల చిల్లర. అంటే ఎకరం వరి ఒక పంటకు తాగే నీళ్లు 240 మందికి ఏడాది పొడుగునా సరిపోతాయి. రెండో వైపు కూడా చూద్దాం. మా దగ్గర ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. మా రాతి నేలల్లో అందులో పదో వంతు అటూ ఇటూగా మాత్రమే కిందికి ఇంకుతుంది. ఎకరానికి రెండు లక్షల లీటర్ల చిల్లర. మడిలో నేరుగా పడే వాన, మడి నుంచి మళ్లీ ఇంకేది తీసేసినా, బోరు కింద వరి పెట్టినవాడు పక్కవాళ్ల చేల మీద పడిన వానను కూడా తోడక తప్పదు. పంచాయతీ బోరు చుట్టూ ఉన్న మూడు బోర్ల కింద ఈ ఏడు నాలుగెకరాల వరి ఉంది. వరి అన్నం పెట్టేవాడే పెద్ద రైతు, కొర్ర, ఆరిక తినేవాడు చిన్నవాడు అనే లెక్క ఎవరు పెట్టారో గానీ, మా తాత కొర్రన్నం తిని చెరువు పూడిక తీశాడు.

4. లోతుకి పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడ్ పెరగడం మా రాతి నేలల్లో చూస్తూనే ఉన్నాం. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ప్రమాణం. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, ప్రకాశం ప్రాంతపు పల్లెల్లో. దాదాపు తొంభై ఏళ్లైంది. మా బడిలో గారపళ్ల పిల్లల్ని లెక్కపెట్టడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు.

5. అప్పు మగవాడి పేరు మీద ఉంటుంది, మగవాడు పోతే ఇంటి ఆడదాని నెత్తిన పడుతుంది. రైతు ఆత్మహత్య కుటుంబాలకు సాయం కోసం 2004లో వచ్చిన 421 జీవో గురించి మీకు తెలుసు. దాని కింద విచారణకు వచ్చినప్పుడు మా పక్క ఊళ్లో ఒక ఇల్లాలిని అడిగిన ప్రశ్నల్లో "తాగుతాడా?", "ఇంట్లో గొడవలా?" ఉన్నాయి. "ఎన్ని బోర్లు ఎండాయి?" అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది. ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. అప్పు సంగతి పెళ్లానికి చెప్పుకుంటే మొగోడెట్లా అవుతాడని మా అందరికీ చిన్నప్పుడే నేర్పారు. ఈ నేర్పుడుకి ఎక్స్‌గ్రేషియా లేదు.

ఇక మా ఊరి అన్నలకు, మామలకు, తమ్ముళ్లకు నాలుగు మాటలు. అధికారులు కూడా చదవొచ్చు.

మన ప్రాంతంలో పెద్దలు కట్టిన నీళ్లు ఇట్లా లేవు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పని చేశారని అందులో ఉంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పింది. నీళ్లు తక్కువై భూమి ఎక్కువ కావడం కూడా ఆ దోషాల్లో ఒకటి. విజయనగర రాజు బుక్కరాయ కొడుకు కట్టించిన చెరువుకే ఈ లెక్క ఉంటే, మన బోర్లకి ఉండొద్దా?

మన ఊరి చెరువుకి నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి కయ్యకి ఎంత సేపో ఆయన మాటే చట్టం. ఊళ్లో అందరికంటే పేదవాడు, ఒక్క సెంటు భూమి లేదు. రెడ్డి గారి మడికైనా వంతు దాటనిచ్చేవాడు కాదు. పంట వచ్చాక కళ్లంలో ఆయన వాటా ఆయనకి కొలిచేవాళ్లు. నేను చూసిన ఆఖరి నీరుగంటి ఒకసారి మా నాయనతో "నీ వంతు అయిపోయింది రెడ్డీ, మడవ కట్టు" అన్నాడు. మా నాయన కట్టాడు. దానివల్ల మా నాయన మగతనం ఏమీ తగ్గలేదు. చెరువు ఎండి బోర్లు వచ్చాక నీరుగంటి కొడుకు బెంగళూరులో వాచ్‌మన్ అయ్యాడు. ఇప్పుడు వంతు లేదు, మడవ కట్టమనే నోరు లేదు. ఎవడి స్టార్టర్ వాడిది. కరెంటు వస్తే మోటారు దానంతటదే ఆడేలా ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టి మనం నిద్రపోతాం. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. పుచ్చలేదు. మనమే వంతులేసుకుని కోశాం.

ముసలమ్మ కథ మనకందరికీ తెలుసు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరి కోసం ముసలమ్మ అనే ఒక ఇంటి కోడలు గండిలోకి నడిచి పోయిందంటారు. చిన్నప్పుడు ఆ కథ వింటే ఏడుపొచ్చేది. ఈ వయసులో వింటే ఇంకొకటి అనిపిస్తోంది. ఆ రోజు కట్ట మీద నిలబడి చూసిన మగవాళ్లంతా ఏం చేస్తున్నట్టు? ఊరి నీళ్లకి ప్రమాదం వస్తే ఆడది పోవాలి. ఊరి నీళ్లు తోడుకోవాలంటే మగాడు రావాలి. ఇదెక్కడి పంపకం?

మీరు నన్ను అడిగే ప్రశ్న నాకు తెలుసు. "నువ్వు నాలుగు వేసి, మమ్మల్ని వద్దంటావా?" అడగండి. దానికి నా దగ్గర జవాబు లేదు, బోర్లున్నాయి. వచ్చి చూడండి.

ఇది కుదరని పని అని మాత్రం అనొద్దు. 2000 దశకంలో మన అనంతపురం సహా ఏడు జిల్లాల్లో రైతులే క్రమం తప్పకుండా బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, అందరూ కూర్చుని ఈ రబీకి ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంట పెడదాం అని లెక్కేసుకున్నారు. అందులో ఆడవాళ్లూ ఉన్నారు. మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో పంటలకు బోరు వేయకూడదని ఊరే కట్టుబాటు పెట్టుకుంది, ఏటా నీటి బడ్జెట్ వేసుకుంటుంది. అక్కడ వాన మన కంటే ఎక్కువేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం ముందు కూర్చున్నప్పుడు కూడా ఇట్లాగే నవ్వారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది.

అధికారులను మేం అడుగుతున్నవి:

1. పంచాయతీ బోరుకి 250 మీటర్ల లోపల ఉన్న మూడు బోర్లను తహసీల్దారు గారు స్వయంగా వచ్చి కొలవాలి. అనుమతి లేనివాటి మోటార్లు, కోత అయ్యాక, కనీసం జూలై చివరి దాకా ఆపించాలి. ఇప్పుడున్న పైరు నష్టపోకూడదు. అందులో ఇద్దరు చిన్న రైతులే, అప్పు చేసి పెట్టారు. కోత అయ్యేదాకా వారానికి ఇన్ని గంటలని ఊరి ముందు వంతు పెట్టండి. ఆ తర్వాత వరి వద్దని రాయించుకోండి. బోరు పూడ్చమని నేను అడగడం లేదు.

2. రిగ్గు ఊళ్లోకి వచ్చే ముందు అనుమతి కాగితం సచివాలయం గోడ మీద అంటించాలి. అనుమతి లేకుండా రాత్రిపూట వచ్చిన రిగ్గును ఆపే అధికారం ఎవరిదో, వాళ్ల ఫోన్ నంబరు ఏదో కూడా అదే గోడ మీద రాయండి. ఇప్పుడు మేం ఫోన్ చేస్తే రెవెన్యూ వాళ్లు విద్యుత్ శాఖని చూపిస్తున్నారు, విద్యుత్ శాఖ రెవెన్యూని చూపిస్తోంది. తెల్లారేసరికి బోరు పడిపోతోంది.

3. ఉచిత కరెంటు తీసేయమని ఎవరూ అనుకోవద్దు. 2004 నుంచి అది లేకపోతే మేం ఎప్పుడో వలస పోయేవాళ్లం. ఆటోమేటిక్ స్టార్టర్లు మాత్రం తీయించండి. కొర్ర, సజ్జ, కంది పెట్టినవాడికి డ్రిప్, స్ప్రింక్లర్ల సాయంలో ముందు వరస ఇవ్వండి.

4. నీటి లెక్క కోసం వేసే కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పేరుకి ఉంటే చాలదు. మా సర్పంచ్ మహిళే. గ్రామసభలో కుర్చీలో కూర్చునేది ఆవిడ భర్త. ఆయన మంచివాడే, నాకు స్నేహితుడే. కానీ బిందె మోసేది ఆవిడ. కమిటీ సమావేశం పొద్దున పది గంటలకు పెడితే కూలికి పోయే ఆడవాళ్లు రారు. సాయంత్రం పెట్టండి. భూమి లేని ఇళ్ల నుంచి కూడా ఇద్దరు ఉండాలి, నీళ్లు వాళ్లూ తాగుతున్నారు కాబట్టి.

5. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, ఆక్రమణలు తీయించండి. ఊరుమ్మడి భూములు, కుంటలు ఆక్రమించినవాళ్లను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు 2011 జనవరిలో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మా చెరువుకి నీళ్లొచ్చే వంక మీద ఒక చీనీ తోట ఉంది. రెండేళ్ల కింద మంచి వానలొచ్చినా చెరువు నిండి మరవ పారలేదు.

6. పంచాయతీ బోరు నీళ్లను ఫ్లోరైడ్ పరీక్షకు పంపి ఫలితం బడి గోడ మీద రాయండి.

7. మా మూడో అర్జీని మళ్లీ తెరవండి. పరిష్కారమైందని ఎవరైనా రాస్తే, ఏ తేదీన, ఏ ఇంటి కొళాయిలో నీళ్లు వచ్చాయో కూడా రాయండి.

ఒక చిన్న పని ఇవాళే చేయొచ్చు. నా మూడో బోరులో వచ్చే ఆ గంట నీళ్లు వానలు పడేదాకా ఊరి ట్యాంకుకి ఇస్తానని ఏప్రిల్ 20న రాసిచ్చాను. నా చేను నుంచి ట్యాంకు దాకా 340 మీటర్ల పైపు కావాలి. పైపు మహిళా సంఘం వాళ్లు కొంటామన్నారు. పైపు రోడ్డు దాటాలి కాబట్టి మీ అనుమతి కావాలట. ఆ కాగితం కూడా మీ టేబుల్ మీదే ఉంది, అర్జీల కింద ఎక్కడో. ముందు దాని మీద సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
నాలుగు బోర్ల రైతు,
అర్జీలో సంతకం పెట్టిన 41 మంది మహిళల తరఫున, వాళ్లు చదివి సరిదిద్దిన తర్వాత